గిలకల దాకా చాలు

పోయిన వారం కళ్యాణదుర్గం బస్టాండులో అనంతపురం బస్సు కోసం నిలబడి ఉన్నాను. సిమెంటు బెంచీ మీద ఒకామె తన చిన్నపాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని బొరుగులు తినిపిస్తోంది. పాపకు రెండేళ్ళు దాటి ఉంటాయి. కాళ్ళు కిందికి వేలాడుతున్నాయి. గుడ్డ బూట్ల పైన, చీలమండను చుట్టుకుని తెల్లటి ప్లాస్టిక్ అంచు కనిపిస్తోంది. పసిచర్మానికి గుచ్చుకోకుండా ఆ అంచును రవ్వంత బయటికి మడిచారు. అంత ఓపిగ్గా మడిచే మనిషి నాకు తెలిసి ఒక్కడే.

"అనంతపురంలో పెద్దాయన చేసినవేనా?" అని అడిగాను.

ఆమె ముఖం విప్పారింది, వెంటనే వాడిపోయింది. "ఔనక్కా. మీకూ తెల్సా? ఇవే కడపటివంట. మాకిచ్చిన పది దినాలకే పోయినాడు. గుండెనొప్పి. పాప కాలు పెరిగితే ఇంక యాడికి పోవాల్నో తెల్దు."

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. వాన మొహం చూడని చేన్లు ఎర్రగా వెనక్కి పోతున్నాయి. ఏడేళ్ళ కిందట ఇదే దారిలో, ఇదే బస్సులో, మా పాపను ఒళ్ళో పెట్టుకుని ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు.

ఆయన పేరు నేను రాయను. ఆయనే ఎక్కడా రాసుకోలేదు. అనంతపురం పాతఊళ్ళో ఒక సందు చివర రేకుల గది, బయట బోర్డు కూడా లేదు. ఎందుకు పెట్టుకోలేదని ఒకసారి అడిగితే, "బోర్డు సూసి వచ్చేటోళ్ళతో నాకేం పనమ్మా? అవసరం ఉండేటోళ్ళు అడుక్కుంటా వస్తారు" అన్నాడు. పొట్టి మనిషి. మోచేతుల దాకా ప్లాస్టర్ పిండి అంటుకుని ఎప్పుడూ సున్నం కొట్టి వచ్చిన పనివాడిలా ఉండేవాడు. ముఖాల కన్నా ముందు కాళ్ళు చూసేవాడు. అసలు కాళ్ళ కన్నా ముందు గుమ్మం బయట విడిచిన చెప్పులు చూసేవాడు. మా ఆయన మొదటిసారి నాతో వచ్చినప్పుడు, పలకరింపు కూడా లేకుండా, "కుడి మోకాలు నొస్తాందా అప్పా? చెప్పు ఒక పక్కే అరిగిపోయి ఉండాది" అన్నాడు. నొప్పి నిజమే. ఆ సంగతి మా ఆయన నాకు కూడా చెప్పలేదు.

వయసులో ఉన్నప్పుడు పోలియో వచ్చిన పిల్లల కాళ్ళకు కట్టే ఇనుప క్యాలిపర్లు చేసే వర్క్‌షాపులో పని నేర్చుకున్నాడట. పోలియో పోయింది. ఆయన పని పోలేదు. "ఆ కాళ్ళలో బలం సచ్చిపోయి ఉండె. ఇనుము ఏసి నిలబెడ్తాంటిమి. ఇప్పుడొచ్చే బిడ్డలవి అట్ల కాదు. ఈ కాలు బతికే ఉండాది, రోంత మబ్బుగా ఉండాది, అంతే" అనేవాడు.

మా హారిక డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. పుట్టిన రెండో రోజే డాక్టరు చెప్పారు. కండరాలు మెత్తగా, కీళ్ళు వదులుగా ఉంటాయి, కూర్చోవడం, నిలబడటం, నడవడం అన్నీ ఆలస్యంగా వస్తాయి, వస్తాయి కానీ ఆలస్యంగా అన్నారు. ఆ రెండో 'వస్తాయి' నాకు చాలాకాలం వినిపించలేదు. ఇరవై నెలలకు పాప పిర్రల మీద జరుగుతూ ఇల్లంతా తిరిగేది. చంకల కింద పట్టుకుని నిలబెడితే చీలమండలు రెండూ లోపలికి ఒరిగిపోయేవి, అరికాళ్ళు నేలకు పరుచుకునేవి. అదే ఇంట్లో మా తోడికోడలి కూతురు, నాలుగు నెలలు చిన్నది, కోడిపిల్లల వెంట పరుగెత్తేది. ఆ పరుగు చప్పుడు వింటే నాకు ఆ పిల్ల మీదే కోపం వచ్చేది. పిల్ల మీద కోపమేమిటని నా మీద నాకు ఇంకా కోపం వచ్చేది.

పెద్దాసుపత్రిలో ఫిజియోథెరపీ చేయించే మేడమ్ ఆయన దగ్గరికి పంపారు. నేనూ, మా అత్తా, పాపా వెళ్ళాం. గది నిండా అరలు, అరల నిండా తెల్లటి ప్లాస్టర్ పాదాలు. గుమ్మంలోనే మా అత్త, ఆయనకు పాప కాళ్ళు చూపిస్తూ, "అయ్యో పాపం, సూడన్నా, దూది మాదిరి ఉండాయి. ఏం పాపం చేసినాదో బిడ్డ" అని కళ్ళొత్తుకుంది.

ఆయన చేస్తున్న పని ఆపాడు. "అక్కా, ఆ మాట బయట చెప్పుల కాడ ఇడ్సి లోపలికి రా. పోయేటప్పుడు కావాలంటే ఎత్తుకోని పో."

మా అత్త జీవితంలో ఎవరూ ఆమెను అలా అనలేదు. వెళ్ళి ఒక మూల కూర్చుంది.

ఆయన నేల మీద పాప ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "నమస్తే అమ్మణ్ణీ" అన్నాడు. పాప ఆయన ముక్కు మీది ప్లాస్టర్ చుక్క వైపు చూసింది. చాలాసేపు ఇద్దరూ ఒకరినొకరు అలా చూసుకున్నారు.

"లేసి నిలబడ్తాదా?" అని నన్ను అడిగాడు.

"నిలబెడితే నిలబడ్తాది."

"నిలబెడితే స్తంభం గూడా నిలబడ్తాది. తనంతట తాను మంచమో గోడో పట్టుకోని లేస్తాదా అంటాండా."

"ల్యా."

"అట్లయితే ఇప్పుడు నా పని ల్యా. మ్యాడమ్ చెప్పిన కసరత్తు చేయించు. లేసి నిలబడాలని అమ్మణ్ణికి అనిపిస్తే అప్పుడు తోడుకోని రా."

నాకు ఒళ్ళు మండింది. అరవై కిలోమీటర్లు, బడికి సెలవు పెట్టి వచ్చాను. "అంతవరకు ఊరికే కూర్చోవాల్నా? మా ఇంట్లోనే దీనికన్నా చిన్నబిడ్డ ఉరుకుతాంది!"

"తొందర ఎవురిదమ్మా? అమ్మణ్ణిదా, నీదా?"

అంతే అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. తిరుగు బస్సులో కళ్యాణదుర్గం దాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. మా అత్త మాత్రం, "వానికి పొగరు. ఇంక ఆ గడప తొక్కొద్దు" అని తీర్మానం చేసింది.

తొక్కలేదు. పెద్ద ఊళ్ళో పెద్ద దుకాణం ఉందని ఎవరో చెబితే మా ఆయనా నేనూ పాపను తీసుకెళ్ళాం. చల్లటి గది, గాజు బల్ల. నిలబడని పిల్లకు అని చెప్పగానే వాళ్ళు మోకాలి కింది దాకా వచ్చే గట్టి ప్లాస్టిక్ స్ప్లింట్లు చూపించారు. పొట్టివి కూడా ఉన్నాయి అన్నారు. నేనే పొడుగువి అడిగాను. ఎంత పొడుగైతే అంత ఆసరా అనుకున్నాను. వాటి మీద సీతాకోకచిలుకల బొమ్మలు ఉన్నాయి. అవి వేయగానే పాప నిటారుగా నిలబడింది. మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఫోటో తీసి మా చెల్లెలికి పంపాను.

అంతకు ఒక వారం ముందు నుంచి పాప ఇంట్లో నులకమంచం పట్టె పట్టుకుని మోకాళ్ళ మీదికి లేవబోతోంది. నేను పట్టించుకోలేదు. స్ప్లింట్లు వేశాక ఆ లేవబోవడం ఆగిపోయింది. చీలమండ వంగదు కాబట్టి కింద కూర్చుంటే లేవలేదు, లేపి నిలబెడితే కూర్చోలేదు. ఎక్కడ పెడితే అక్కడ ఉండేది. పిర్రల మీద జరగడం కూడా మానేసింది. మేము మాత్రం నిలబడుతోందని సంతోషంగా ఉన్నాం. నెలన్నర తర్వాత ఫిజియో మేడమ్ చూసి, "ఈ పాప ఇదివరకు ఇంత నెమ్మదిగా కూర్చునేది కాదే" అన్నారు. అప్పుడు నాకు అర్థమైంది. ఇంటికి వచ్చి ఆ స్ప్లింట్లు విప్పి గూట్లో పెట్టేశాను. రెండు వారాలు పాప కదల్లేదు. ఆ రెండు వారాలు నేను అన్నం సరిగా తిన్న గుర్తు లేదు. ఒక సాయంత్రం నేను మా బడిపిల్లల కాపీలు దిద్దుకుంటుంటే వెనక మంచం కిర్రుమంది. తిరిగి చూస్తే పాప పట్టె పట్టుకుని నిలబడి ఉంది. చీలమండలు ఒరిగే ఉన్నాయి, మోకాళ్ళు వణుకుతున్నాయి, నోట్లో పట్టెకు చుట్టిన నులక చివర ఉంది.

మర్నాడే అనంతపురం వెళ్ళాను. ఆయన ఏమంటాడోనని భయం. సంచిలోంచి పొడుగు స్ప్లింట్లు తీసి జరిగిందంతా చెప్పాను. ఆయన వాటిని వెలుగులోకి ఎత్తి, లోపల వేలు పెట్టి చుట్టూ తడిమాడు.

"పని బాగా చేసినారు. మంచి ప్లాస్టిక్ షీటు. ఇవి కావాల్సిన కాళ్ళు వేరే ఉంటాయి" అని తిరిగి ఇచ్చాడు. నన్ను గానీ ఆ దుకాణాన్ని గానీ ఇంకొక్క మాట అనలేదు. ఆయన తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

తర్వాత ఒక చెంబుతో నీళ్ళు తెచ్చాడు. పాప అరికాలు తడిపి, సిమెంటు నేల మీద నిలబెట్టి, తీశాడు. ముద్ర మొత్తం పరుచుకుని పడింది. "చపాతీ" అన్నాడు. ఈసారి మడమను రెండు వేళ్ళతో నిటారుగా పట్టి మళ్ళీ ఆనించాడు. ముద్రలో లోపలి వైపు ఒక చిన్న వంపు, గోరంత, ఖాళీగా కనిపించింది. "బిరీన సూడు, మన ఎండకు ఆరిపోతాది. కనపడిందా? వంపు ఉండాది. నేను కొత్తగా తెచ్చి పెట్టేదేం ల్యా."

బల్ల మీద మూడు రకాలు వరుసగా పెట్టాడు. బూటు లోపల వేసే మెత్తటి అట్ట. చీలమండ ఎముకల మీది దాకా వచ్చే పొట్టిది. పిక్కల దాకా వచ్చే పొడుగుది. నేను బడిపిల్లలా కూర్చుని విన్నాను.

"అట్ట ఏస్తే మడమ దాని మీదనే ఒరుగుతాది. ఇప్పటికి చాలదు. పొడుగుది ఏస్తే ఏమైతాదో నువ్వే సూసినావు. అమ్మణ్ణికి కావాల్సింది పక్కలకు ఒరగకుండా, ముందుకీ ఎనక్కీ వంగేది. కూసోవాల, గొంతుక్కూసోవాల, లేయాల. గిలకల దాకా చాలు." పాప చీలమండ ఎముకలు తాకి చూపించి, పొట్టిదాన్ని నా చేతిలో పెట్టాడు. "వేళ్ళకు అడ్డం రాకూడదు. నేలను పట్టుకునేది వేళ్ళే గదా."

కాలి అచ్చు తీయడానికి ప్లాస్టర్ పట్టీ తడపగానే పాప భయపడి నా మెడ కరుచుకుంది. ఆయన తొందరపడలేదు. ముందు తన బొటనవేలికి చుట్టుకున్నాడు, ఆరాక ఊడదీసి ఆ తెల్లటి టోపీని పాప చేతికిచ్చాడు. పాప దాన్ని తన వేలికి పెట్టుకుంది, విసిరేసింది, మళ్ళీ కావాలంది. ఆ తర్వాత కాళ్ళు తనే చాపింది. "అనంతపురం ఎండను అందరూ తిడ్తారు. ప్లాస్టర్ ఆరబెట్టుకునేటోడు తిట్టకూడదు" అని చుడుతూ అన్నాడు.

స్ప్లింట్లను కాలికి బిగించే పట్టీల రంగు దగ్గర మళ్ళీ ఆగాం. నేను గులాబీ అన్నాను. "నీ కాళ్ళకా?" అన్నాడు. పాప ముందు నీలం, గులాబీ, పసుపు పట్టీలు పెట్టి ఎదురుచూశాడు. పాప మూడింటినీ చూసింది, ఆయన్ను చూసింది, కిటికీని చూసింది. బస్సు టైమవుతోంది. నేను గొంతు సవరించుకున్నాను.

"బస్సు పోతే ఇంకోటి వస్తాది. అమ్మణ్ణి ఆలోచన చేస్తాంది, మధ్యలో మాట్లాడాకు."

బస్సు పోయింది. ఎంతసేపటికో పాప చెయ్యి మెల్లగా కదిలి పసుపు పట్టీ మీద పడింది. అది పుట్టాక ఎవరైనా దాన్ని ఒక ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఆగడం అదే మొదటిసారి అని నాకు అప్పుడు తట్టింది. నేను కూడా ఆగలేదు అంతకు ముందు.

వారం తర్వాత అవి వచ్చాయి. అరచేతిలో పట్టేంత చిన్నవి. ఖరీదైన బూట్లు కొనొద్దన్నాడు. బడిపిల్లల గుడ్డ బూట్లు, ఒక సైజు పెద్దవి తెచ్చి, లోపలి అట్ట పీకేయమన్నాడు. మొదటి రోజు ఇరవై నిమిషాలే వేయాలి, విప్పి చర్మం చూడాలి, ఎర్రబడిన చోటు అరగంటలో మామూలు కాకపోతే ఫోన్ చేయాలి. "బిడ్డ ఏడిస్తే బిడ్డను సముదాయించాకు, నాకు చెప్పు. తప్పు నాదే అయింటాది."

నాలుగో రోజు ఎడమ చీలమండ ఎముక దగ్గర ఎరుపు ముప్పావుగంటైనా పోలేదు. ఫోన్ చేశాను. వారాంతానికి తీసుకొస్తానన్నాను. మర్నాడు పొద్దున పది గంటలకు మా ఊరి రోడ్డు మీద షేర్ ఆటో దిగి, గుడ్డ సంచి భుజాన వేసుకుని ఆయనే వస్తున్నాడు. మా అత్త వాకిట్లో చెనక్కాయలు ఒలుస్తోంది. ఆయన్ను చూసి లేచి నిలబడింది. ఆయన మా గుమ్మం ముందు చెప్పులు విడిచి, వాటి వైపు ఒకసారి చూసి, "అక్కా, లోపలికి రావచ్చునా?" అని అడిగాడు. మా అత్తకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది.

వంటింట్లో మా గ్యాస్ పొయ్యి మంట పైన ఆ ప్లాస్టిక్‌ను దూరంగా తిప్పుతూ వేడి చేశాడు. అది మెత్తబడగానే మా అత్తను పప్పుగుత్తి అడిగి తీసుకుని, దాని గుండ్రటి తలతో లోపలి నుంచి ఒత్తాడు. బియ్యపుగింజంత గుంట పడింది. చల్లార్చి, పాప కాలికి వేసి, వరండాలో కూర్చుని గడియారం చూడకుండా పాప ముఖం చూస్తూ అరగంట ఉన్నాడు. విప్పితే చర్మం మామూలుగా ఉంది.

మా అత్త బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేసి పెట్టింది. ఆయన రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. "అక్కా, నీ చెయ్యి మంచిది" అన్నాడు. తినే మనిషికి విసురుతూ ఆమె నెమ్మదిగా అడిగింది, "అన్నా, నిజం చెప్పు. మా బిడ్డ నడుస్తాదా?"

"నడుస్తాదక్కా. ఎప్పుడని అడగాకు. అది నాకూ తెల్దు, డాక్టరుకూ తెల్దు. అమ్మణ్ణి చెప్తాది."

చెప్పడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. పాపకు రెండేళ్ళు నిండి నాలుగైదు నెలలయ్యాయి. ఒక ఆదివారం మా అత్త వరండా గోడకు ఆనుకుని పళ్ళెంలో ఉగ్గాని తింటోంది. పాప మంచం పట్టుకుని నిలబడి చూస్తోంది. మా అత్త ఊరికే ముద్ద చూపించింది. పాప పట్టె వదిలింది. ఒకటి, రెండు. మధ్యలో ఆగి, రెండు చేతులూ పైకెత్తి, ఇంకో రెండు అడుగులు వేసి మా అత్త ఒళ్ళో పడింది. పళ్ళెం బోర్లా పడింది. బొరుగులు చీరంతా. మా అత్త వాటిని దులుపుకోలేదు, ముద్ద పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఉంచి ఏడ్చింది.

నేను వెంటనే ఫోన్ చేశాను. "అన్నా, నాలుగడుగులు! నాలుగు!" అన్నాను. ఎన్ని అడుగులో ఆయనకు పట్టలేదు.

"దేనికోసరం నడిచినాది?"

"ఏంది?"

"ఎవురి కాడికి? దేనికోసరం?"

"ఉగ్గాని కోసరం. మా అత్త చేతిలో ఉండె."

అవతల ఆయన నవ్వడం వినిపించింది. "అట్లయితే మళ్ళీ నడుస్తాది. మనం సూడాలని నడిచింటే నమ్మేదానికి లేదు. తనకు కావాలని నడిచినాది గదా. అక్కను దినామూ ఉగ్గాని చేయమను, రోజుకు రోంత దూరం జరిగి కూసోమను."

మా అత్త అక్షరాలా అలాగే చేసింది. వరండా గోడ నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి వాకిలికి, వాకిలి నుంచి రోడ్డు పక్క బండరాయి దాకా, పళ్ళెం పట్టుకుని రోజూ కొంచెం కొంచెం జరిగింది. ఊరి వాళ్ళు ఈ ముసలామెకు ఏమైందని నవ్వారు. ఆ సంవత్సరం వానల్లేక చెనక్కాయ ఎండిపోయింది, ఇంట్లో అందరి ముఖాలూ మాడి ఉన్నాయి. ఆ పళ్ళెం మాత్రం ఆగలేదు. ఏడాది చివరికి పాప బండరాయి దాకా నడిచి వెళ్ళేది.

పాప కాలు పెరిగిన ప్రతిసారీ ఆయన దగ్గరికి వెళ్ళాం. ప్రతిసారీ పట్టీ రంగు పాపనే అడిగాడు, ప్రతిసారీ బస్సు తప్పించాడు. ఐదో ఏట పొట్టి స్ప్లింట్లు తీసేసి బూట్లలో అట్టలు చాలన్నాడు. పాపను గది ఈ మూల నుంచి ఆ మూలకు నడిపించాడు, తర్వాత సందులోకి తీసుకెళ్ళి ఉరికించాడు. ఆమె పరుగు ఈరోజుకీ కొంచెం వెడల్పుగా, పక్కలకు ఊగుతూ ఉంటుంది. ఆయనకు అది తప్పుగా కనిపించలేదు. "మడమ నిలబడింది. ఇంక ఏటికోసారి మ్యాడమ్‌కు చూపించు. నా కాడికి రావాల్సిన పని ల్యా" అన్నాడు.

అప్పుడు నేను దండం పెట్టి ఉండాల్సింది. కనీసం ఒక పళ్ళెం ఉగ్గాని కట్టుకుని అయినా మళ్ళీ ఒకసారి వెళ్ళి ఉండాల్సింది. బదిలీ, బడి, మా అత్త జబ్బు, ఏవేవో వచ్చాయి. పని లేదన్నాడు కాబట్టి వెళ్ళలేదు. నాలుగేళ్ళు గడిచిపోయాయి.

బస్టాండులో వార్త విన్న సాయంత్రం హారిక బడి నుంచి వచ్చాక చెప్పాను. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. "నీకు చిన్నప్పుడు బూట్లు చేసిన తాత పోయినాడమ్మా" అన్నాను.

"ఏ తాత?" అంది.

గది గురించి చెప్పాను, పసుపు పట్టీ గురించి చెప్పాను. తల అడ్డంగా ఊపింది. ఆయన ఫోటో ఒక్కటైనా ఉందేమోనని పాత ఫోన్ ఛార్జింగ్ పెట్టి వెతికాను. లేదు. ఫిజియో మేడమ్‌కు చూపించడానికి తీసిన ఒక వీడియో మాత్రం దొరికింది. అందులో ఆయన ముఖం లేదు. నడుము కింది నుంచి పాప కాళ్ళు, పొట్టి స్ప్లింట్లు, తడబడే అడుగులు, వాటి వెనకే ప్లాస్టర్ పిండి అంటిన రెండు చేతులు.

హారిక ఫోన్ లాక్కుని చూసింది. "నేనే!" అని నవ్వింది. మళ్ళీ చూసింది. మూడోసారి వేలు పెట్టి ఆపి, ఆ చేతుల దగ్గరికి ముఖం వంచింది.

"ఇవి తాతవా?"

"ఆ."

చాలాసేపు చూసింది. నేను మధ్యలో మాట్లాడలేదు.

"పట్టుకోల్యా" అంది. "నేనే నడుస్తాండా."